నిర్ణేత ఎవరు? మన బడిలో ఒక మాట, దాని వెనక బాధ్యత

వార్షికోత్సవం దగ్గర పడిందంటే మన బడుల నోటీసు బోర్డుల మీద ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది. వక్తృత్వ పోటీ, వ్యాసరచన పోటీ, పద్యపఠనం, ముగ్గుల పోటీ, ఏదైనా సరే, చివర 'న్యాయనిర్ణేతల తీర్పే తుది తీర్పు' అని రాస్తాం. పిల్లలు ఆ వాక్యాన్ని బట్టీ పట్టినట్టు చదివేస్తారు. నిర్ణేత అంటే ఎవరని అడిగితే మాత్రం బళ్లారి పిల్ల 'తీర్పుగారరు' అంటుంది, హోసూరు పిల్లాడు 'నడువర్' అంటాడు, బరంపురం పిల్ల 'బిచారక' అంటుంది, షోలాపూరు పిల్లాడు 'పంచ్' అంటాడు. అందరూ సరిగ్గానే అర్థం చేసుకున్నారు. తెలుగు మాట ఒక్కటే వారి నోట రాలేదు.

తెలుగు రాష్ట్రాల అవతల తెలుగు మాధ్యమంలో, లేదా తెలుగును ఒక పాఠంగా చెప్పే బడుల్లో పనిచేసే మాకు ఇది రోజూ ఎదురయ్యే సంగతే. ఈ వారం ఈ ఒక్క మాటను తీసుకుని దాని పుట్టుక, వాడుక, పక్కభాషల్లో దాని చుట్టాలు చూద్దాం. అక్కడితో ఆగకుండా ఇంకో ప్రశ్న కూడా వేసుకుందాం. మన పిల్లల చదువు విషయంలో ఈ మాట ఎవరికి వర్తిస్తుంది? దీనికి జవాబు చాలామంది తల్లిదండ్రులు అనుకుంటున్నట్టుగా ఉండదు.

నేత నుంచి నిర్ణేత

నిర్ణేత సంస్కృతం నుంచి వచ్చిన మాట. 'నీ' అనే ధాతువుకు నడిపించడం, తీసుకుపోవడం అని అర్థం. దానినుంచే నేత, నాయకుడు వచ్చాయి. ముందు 'నిర్' చేరితే నిర్ణయం, నిర్ణేత. నిర్ అంటే బయటికి అనే అర్థం కూడా ఉంది. అటా ఇటా అనే సందేహంలోంచి విషయాన్ని బయటికి తెచ్చేది నిర్ణయం, తెచ్చే మనిషి నిర్ణేత అని పిల్లలకు చెబితే సులువుగా పట్టుకుంటారు.

ఈ ధాతువు కుటుంబం చాలా పెద్దది. వినయం, అభినయం, అనునయం, ఉపనయనం, పరిణయం, ప్రణయం, నీతి, అన్నీ ఇక్కడివే. నల్లబల్ల మీద మధ్యలో 'నీ' అని రాసి చుట్టూ ఈ మాటలు రాయిస్తే ఒక పీరియడ్ హాయిగా గడుస్తుంది. అదే జాబితాతో అక్షరదోషం కూడా సరిచేయవచ్చు. పిల్లలు 'నిర్నయం', 'నిర్నేత' అని రాస్తుంటారు. వినయం, అభినయం, ఉపనయనంలో 'న' ఉంది. పరిణయం, ప్రణయం, నిర్ణయంలో 'ణ' ఉంది. తేడా ఎందుకు వచ్చిందో వాళ్లనే కనిపెట్టమనండి. ముందు రేఫ ఉన్న మాటల్లో 'న' కాస్తా 'ణ' అయింది. ఈ సూత్రం ప్రతిచోటా పట్టదు గాని, ఈ జాబితాలోని మాటల వరకు గుర్తు పెట్టుకోవడానికి బాగా పనికొస్తుంది.

రూపం విషయంలో ఇంకో చిన్న జాగ్రత్త కావాలి. నాయకుడు, సేవకుడు అన్నట్టుగా కొందరు పిల్లలు 'నిర్ణేతుడు' అని రాస్తారు. అది కుదరదు. దాత, వక్త, శ్రోత, విజేత ఎలాగో నిర్ణేత అలాగే. ఆడవారికైనా మగవారికైనా తెలుగులో ఇదే మాట. బహువచనం నిర్ణేతలు.

మన సొంత మాట తీర్పరి

నిర్ణేత బరువుగా తోస్తే మనకు అచ్చమైన తెలుగు మాట ఒకటి ఉంది. అది తీర్పరి. తీర్పు చెప్పేవారు తీర్పరి. నేర్పు ఉన్నవాడు నేర్పరి, ఓర్పు ఉన్నవాడు ఓర్పరి, కాపు కాసేవాడు కాపరి అయినట్టే ఇదీ.

దీని మూలం 'తీరు' అనే క్రియ. ఆకలి తీరింది, దాహం తీరింది, అప్పు తీరింది, కోరిక తీరింది, తగవు తీరింది. ఈ వాక్యాలన్నిటిలో కలిసే అర్థం, ఒక వెలితి పూడి విషయం ఒక కొలిక్కి రావడం. తగవును అలా కొలిక్కి తెచ్చేది తీర్పు. కాబట్టి మాట ప్రకారం చూస్తే, ఏదో ఒకటి చెప్పేసి లేచిపోతే అది తీర్పు కాదు. అడిగినవారి వెలితి తీరాలి, కనీసం కారణమైనా తెలియాలి. అందుకే మా పోటీల్లో తీర్పరులుగా కూర్చున్న పెద్దపిల్లలకు ఒక నియమం పెడతాం. మార్కులు వేసి ఊరుకోకూడదు, ఎందుకు వేశారో ఒక్క వాక్యం రాయాలి. ఓడిన పిల్లలు ఆ ఒక్క వాక్యం కోసమే వస్తారు.

ఈ క్రియ తమిళంలోనూ కన్నడంలోనూ ఉంది. తమిళంలో 'తీర్ప్పు', కన్నడంలో 'తీర్పు', రెండిటికీ మన తీర్పు అర్థమే. పిల్లలకు ఇది చెప్పినప్పుడు వారి ముఖాలు వెలుగుతాయి. ఇంట్లో మాట, వీధిలో మాట చుట్టాలేనని తెలిస్తే తెలుగు పరాయి పాఠంగా అనిపించదు.

ఎవరిని ఏమనాలి

తెలుగులో నిర్ణయం చేసేవారందరికీ ఒకే పేరు లేదు. చేసే పనిని బట్టి పేరు మారుతుంది. ఈ తేడాలు తెలియకపోతే వ్యాసాల్లో పిల్లలు తడబడతారు.

పోటీల్లో మార్కులు వేసి విజేతలను తేల్చేవారు న్యాయనిర్ణేతలు. కోర్టులో వారిని ఆ మాటతో అనం. హైకోర్టు, సుప్రీంకోర్టుల్లో న్యాయమూర్తి అంటాం. కింది కోర్టుల్లో న్యాయాధికారి అనే మాట కూడా వాడుకలో ఉంది. 'హైకోర్టు న్యాయనిర్ణేత' అని రాస్తే అర్థం అవుతుంది గాని చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ప్రభుత్వ విధానాలు రూపొందించేవారిని పత్రికలు విధాన నిర్ణేతలు అంటాయి. ఎన్నికల వార్తల్లో 'ఈ నియోజకవర్గంలో మహిళలే గెలుపోటముల నిర్ణేతలు' వంటి వాక్యాలు తరచూ చూస్తాం. ఇక 'నిర్ణాయక' అనేది తెలుగులో ఎక్కువగా విశేషణం. నిర్ణాయక పాత్ర, నిర్ణాయక ఓటు అంటాం. హిందీలోలా మనిషికి పేరుగా వాడితే తెలుగులో అతకదు.

ఊళ్లో తగవులు చూసేవారు పెద్దమనుషులు. పంచాయితీ అంటే వారు కూర్చున్న సభ కావచ్చు, లేదా తగవే కావచ్చు. 'ఇదేం పంచాయితీరా' అన్నప్పుడు మన మనసులో ఉన్నది తగవే. ఇద్దరి నడుమ నిలిచి మాట కలిపేవారు మధ్యవర్తి. మామూలు వాడుకలో మధ్యవర్తి తీర్పు చెప్పడు, ఇద్దరినీ ఒప్పిస్తాడు. తమిళంలో పోటీ తీర్పరిని 'నడువర్' అంటారు. ఆ మాటకూ నడుమ ఉన్నవారనే అర్థం. ఒకే బొమ్మ రెండు భాషల్లోనూ ఉంది, పని మాత్రం వేరు. తమిళంలో నడుమ నిలిచినవారు తీర్పు చెబుతారు, తెలుగులో రాజీ కుదురుస్తారు.

ఒకేలా వినిపించి మోసం చేసే మాటలు

సరిహద్దు బడుల్లో అసలు చిక్కు తెలియని మాటలతో రాదు. తెలిసినట్టే ఉండి వేరే అర్థం ఇచ్చే మాటలతో వస్తుంది. నిర్ణయం అనే ఈ ఒక్క విషయంలోనే ఎన్ని ఉన్నాయో చూడండి.

కన్నడంలో రోజువారీ నిర్ణయాన్ని 'నిర్ధార' అనీ, 'తీర్మాన' అనీ అంటారు. తెలుగులో నిర్ధారణ అంటే నిజమేనని రూఢి చేసుకోవడం. తీర్మానం అంటే ఎక్కువగా సభ చేసేది, గ్రామసభ తీర్మానం, శాసనసభ తీర్మానం. బళ్లారి, కోలారు వైపు పిల్లలు 'మా నాన్న సినిమాకు పోవాలని తీర్మానం చేశారు' అని రాస్తే ఇంట్లో సభ జరిగినట్టుంటుంది. తమిళంలో నిర్ణయాన్ని 'ముడివు' అంటారు. తెలుగు ముడి వేరు, అది తాడుకో జడకో వేసేది.

ఒడియాలో నిర్ణయానికి మాట 'నిష్పత్తి'. మన లెక్కల పుస్తకంలో నిష్పత్తి అంటే రెండు రాశుల పోలిక. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ బడుల్లో లెక్కల టీచర్లు ఈ పాఠం మొదలుపెట్టేటప్పుడు ఒక్క నిమిషం ఆగి ఈ తేడా చెబితే మంచిది. పిల్లలు వీధిలో ఒక అర్థంతో వింటున్న మాటను మనం తరగతిలో ఇంకో అర్థంతో చెబుతున్నాం.

'విచారం' సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. కన్నడంలో, మరాఠీలో, ఒడియాలో ఆ మాటకు ఆలోచన, విషయం, పరిశీలన వంటి అర్థాలున్నాయి. ఒడియాలో తీర్పు చెప్పేవారు బిచారక అయింది అందుకే. తెలుగులోనూ విచారణ అన్నప్పుడు ఆ పాత అర్థం మిగిలి ఉంది. కాని ఉత్త విచారం అంటే మనకు దిగులు. 'నా మనసులో ఒక విచారం ఉంది టీచర్' అని పిల్ల అంటే మనం కంగారు పడతాం. ఆ పిల్ల చెప్పదలచుకున్నది తనకు ఒక ఆలోచన వచ్చిందని.

మరాఠీలో ఆటలో నిర్ణయం చెప్పేవారు పంచ్, పోటీల్లో మార్కులు వేసేవారు పరీక్షక్. 'నికాల్' అంటే పరీక్ష ఫలితమూ కావచ్చు, కోర్టు తీర్పూ కావచ్చు. తెలుగులో ఈ రెండూ వేర్వేరు మాటలు. షోలాపూరు పద్మశాలీ ఇళ్లలో, ముంబయి నగరపాలక సంస్థ తెలుగు బడుల్లో పెరిగే పిల్లలకు ఈ విడదీత నేర్పాలి.

యానాం పరిస్థితి వేరు. అక్కడ ఇంట్లోనూ వీధిలోనూ తెలుగే. 1965 నాటి అధికార భాషా చట్టం యానాంలో తెలుగు వాడకానికి చోటిచ్చింది కూడా. పక్కభాష మాటలు అక్కడ పెద్ద చిక్కు కావు. కాని యానాం గురించిన నిర్ణయాలు ఎంతో దూరంలో ఉన్న పుదుచ్చేరి శాసనసభలో జరుగుతాయి. ఆ సభలో యానాం నుంచి ఉండేది ఒకే ఒక్క ఎమ్మెల్యే. నిర్ణేతలు ఎక్కడున్నారు, వారికి మన మాట ఎలా చేరాలి అనేది అక్కడి పిల్లలకు పౌరశాస్త్ర పాఠంగానే చెప్పవచ్చు.

వీటిని తప్పులని ఎర్రసిరాతో కొట్టేయవద్దని మా మనవి. నోటుపుస్తకం వెనకపేజీలో రెండు గళ్లు గీయించండి. ఒకవైపు 'ఇక్కడ అనేది', రెండోవైపు 'తెలుగులో అనేది'. పిల్లలే ఆ జాబితాను పెంచుకుంటూ పోతారు. రెండు భాషలూ వారివే. ఏది ఎక్కడ వాడాలో తెలిస్తే చాలు.

కర్త కనబడని వాక్యాలు

ఇప్పుడు మాట నుంచి వాక్యానికి వద్దాం. బడికి వచ్చే సర్క్యులర్లలో, మేం స్వయంగా అతికించే నోటీసుల్లో ఇలాంటి వాక్యాలు ఉంటాయి. 'ఈ విద్యాసంవత్సరం నుంచి రెండు సెక్షన్లను కలపాలని నిర్ణయించబడింది.' 'తెలుగు పీరియడ్ల సంఖ్య తగ్గించాలని నిర్ణయం తీసుకోవడం జరిగింది.' చదివితే పని అయిపోయినట్టు ఉంటుంది. ఎవరు నిర్ణయించారో మాత్రం వాక్యంలో లేదు.

తెలుగు సహజంగా కర్తను చెప్పే భాష. 'కమిటీ నిర్ణయించింది', 'హెడ్మాస్టరు నిర్ణయించారు', 'జిల్లా విద్యాశాఖ నిర్ణయించింది' అనడమే మన మాటతీరు. 'బడింది', 'జరిగింది' అనేవి ఆఫీసు కాగితాల నుంచి వచ్చిపడ్డ పద్ధతులు. వాటితో వచ్చే నష్టం శైలికే పరిమితం కాదు. నిర్ణేత పేరు మాయమైతే ఎవరిని అడగాలో తెలియదు. అడగాల్సినవారు తెలియకపోతే తల్లిదండ్రులు తమలో తామే గొణుక్కుని ఊరుకుంటారు.

పై తరగతుల పిల్లలకు ఇది మంచి అభ్యాసం. దినపత్రికలో నాలుగు వార్తలు ఇచ్చి ప్రతిదానిలో సలహా ఇచ్చినవారు ఎవరు, సిఫారసు చేసినవారు ఎవరు, నిర్ణయించినవారు ఎవరు, అమలు చేసేవారు ఎవరు అని నాలుగు గళ్లు నింపమనండి. చాలా వార్తల్లో ఈ నలుగురూ వేర్వేరు. వారిని కలిపేసి అందరినీ 'అధికారులు' అనేస్తుంటాం.

మన బడికి నిర్ణేతలెవరు

ఆ నాలుగు గళ్లనే మన బడికి నింపి చూద్దాం.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం ముప్పావు వంతు తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. ప్రభుత్వ బడిలో ఈ కమిటీ బడి పనితీరును పర్యవేక్షిస్తుంది, అభివృద్ధి ప్రణాళిక తయారుచేసి సిఫారసు చేస్తుంది, నిధుల వాడకంపై కన్నేసి ఉంచుతుంది. మైనారిటీలు స్థాపించి నడిపే బడుల్లోనూ ఎయిడెడ్ బడుల్లోనూ మాత్రం 2012 సవరణ తరువాత ఈ కమిటీది సలహా పాత్ర మాత్రమే. అంటే ప్రభుత్వం నడిపే తెలుగు బడిలో కమిటీ సభ్యులకు ఉన్న పని, తెలుగు సంఘం నడిపే బడిలో సభ్యులకు లేదు. రెండో చోట మీరు సలహాదారులు. నిర్ణయం ఆ బడి యాజమాన్యానిది. మీరు కూర్చున్న కుర్చీ ఏదో ముందు తెలుసుకుంటే మాట ఎంతవరకు చెల్లుతుందో తెలుస్తుంది. సలహాకు విలువ లేదని దీని అర్థం కాదు. రాసి ఇచ్చి, మినిట్స్ పుస్తకంలో ఎక్కించిన సలహాను యాజమాన్యం పక్కన పెట్టడం అంత సులువు కాదు.

రాజ్యాంగంలోని 350ఎ అధికరణం, మైనారిటీ భాషా వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని చెబుతోంది. 350బి అధికరణం భాషా అల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేక అధికారిని ఏర్పాటు చేసింది. ఈ రెండూ 1956లో ఏడో సవరణతో వచ్చాయి. ఆ అధికారి పని రక్షణలు ఎలా అమలవుతున్నాయో విచారించి రాష్ట్రపతికి నివేదిక ఇవ్వడం. ఆయన నివేదించేవారు, నిర్ణయించేవారు కారు. అర్జీ పెట్టేటప్పుడు ఈ తేడా గుర్తుంటే ఆశాభంగం తగ్గుతుంది.

ఎవరు మైనారిటీ అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో జవాబిచ్చింది. పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం భాషా మైనారిటీని రాష్ట్రం ప్రాతిపదికగా చూడాలని చెప్పింది. దేశం మొత్తం మీద తెలుగువారు కోట్లలో ఉన్నా, కర్ణాటకలో ఉన్న తెలుగువారు కర్ణాటకలో మైనారిటీయే.

మాతృభాషకు నిర్ణేత మీరే

ఇక అసలు విషయం. పిల్లవాడి మాతృభాష ఏదో ఎవరు నిర్ణయించాలి? హెడ్మాస్టరా? గుమస్తానా? విద్యాశాఖా? ఇంటిపేరు చూసి ఊహించే పక్కింటివారా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం చేసిన తీర్మానంలోనే దీనికి జవాబు ఉంది. తల్లిదండ్రి లేదా సంరక్షకుడు ఏ భాషను మాతృభాష అని ప్రకటిస్తే అదే పిల్లల మాతృభాష. అదే తీర్మానం ఇంకో లెక్క కూడా చెప్పింది. ప్రాథమిక దశలో ఆ భాష పిల్లలు బడి మొత్తంలో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది ఉంటే ఆ భాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ణి నియమించాలని.

ఆ తరువాత 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కర్ణాటక భాషా విధానం కేసులో తీర్పు చెప్పింది. ప్రాథమిక దశలో మాతృభాషలోనే చదవాలని ప్రభుత్వం బలవంతం చేయజాలదని ఆ తీర్పు అన్నందువల్ల అది ఇంగ్లిషు మీడియం బడుల గెలుపుగానే చాలామందికి గుర్తుండిపోయింది. అదే తీర్పులో మనకు కావలసిన ఇంకో మాట ఉంది. పిల్లల మాతృభాష ఏదో నిర్ణయించేది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే అని. కర్ణాటక నుంచి వెళ్లిన కేసులోనే ఈ మాట వచ్చింది. మన సరిహద్దు తెలుగు కుటుంబాలకు ఇంతకంటే దగ్గరి తీర్పు ఇంకేముంటుంది?

అంటే ఈ ఒక్క విషయంలో నిర్ణేత ఢిల్లీలోనూ లేరు, రాజధానిలోనూ లేరు. అడ్మిషన్ ఫారం చేతిలో పట్టుకుని క్యూలో నిలబడ్డ అమ్మా నాన్నలే.

కాని మేం చూసే దృశ్యం వేరుగా ఉంటుంది. ఫారంలో 'మాతృభాష' అనే గడి దగ్గరకు వచ్చేసరికి చాలామంది 'మీరే ఏదో ఒకటి రాసేయండి టీచర్' అంటారు. కొందరు ఖాళీగా వదిలేస్తారు. కొందరు రాష్ట్రభాష రాస్తారు. కారణం అడిగితే రకరకాల జవాబులు వస్తాయి. 'మాకు మాట్లాడడమే వచ్చు సార్, చదవడం రాదు కదా' అని మధురై, కోయంబత్తూరు వైపు తాతల కాలంలో స్థిరపడ్డ కుటుంబాలవారు అంటారు. 'మాది అచ్చ తెలుగు కాదు మేడం, సగం కన్నడం కలిసి ఉంటుంది' అని ఇంకొందరు. 'తెలుగు అని రాస్తే పిల్లకు ఇక్కడి భాష చెప్పరేమో' అని మరికొందరి భయం.

ఒక్కొక్కటిగా చూద్దాం. చదవడం రాకపోయినా ఇంట్లో మాట్లాడే భాష తెలుగైతే మాతృభాష తెలుగే. లిపి రాకపోవడం వల్ల మాతృభాష మారదు. మాటలో కన్నడమో తమిళమో మరాఠీయో కలిస్తే తెలుగు తెలుగు కాకుండా పోదు. ఒంగోలు తెలుగూ కరీంనగర్ తెలుగూ ఒకేలా ఉండవు. హోసూరు తెలుగు, షోలాపూరు తెలుగు కూడా అలాంటివే.

రాష్ట్రభాష చెప్పరేమోనన్న భయానికి ఆధారం లేదు. తమిళనాడులో 2006లో, కర్ణాటకలో 2015లో, మహారాష్ట్రలో 2020లో వచ్చిన చట్టాలు ఆయా రాష్ట్రభాషను బడిలో నేర్పడం తప్పనిసరి చేశాయి. మాతృభాష గడిలో తెలుగు అని రాసినంత మాత్రాన ఆ పాఠం పోదు. పోకూడదు కూడా. ఉన్న ఊరి భాష రాకపోతే పిల్లలకు ఉద్యోగంలోనూ ఇరుగుపొరుగులోనూ ఇబ్బందే. మనం అడుగుతున్నది దాన్ని తీసేయమని కాదు, తెలుగుకూ చోటు ఇవ్వమని.

ఇంగ్లిషు మీడియంలో చేర్చాలనుకునే తల్లిదండ్రులకూ ఇదే మాట. మాధ్యమం ఎంచుకోవడం మీ ఇష్టం. ఆ స్వేచ్ఛ 2014 తీర్పు ఇచ్చిందే. కాని మాధ్యమం వేరు, మాతృభాష వేరు. మాధ్యమం గడిలో ఇంగ్లిషు అని రాసినా మాతృభాష గడిలో తెలుగు అని రాయవచ్చు.

ఆ గడి ఎందుకు ముఖ్యం? తెలుగు టీచరు పోస్టు అడగడానికి వెళ్లినప్పుడు మొదట వచ్చే ప్రశ్న 'ఎంతమంది పిల్లలున్నారు' అని. మా నోటి మాటతో ఆ లెక్క తేలదు. రిజిస్టరులో తేలుతుంది. పది ఇళ్లలో తెలుగు మాట్లాడుతున్నా రిజిస్టరులో నలుగురే తెలుగువారిగా కనిపిస్తే, కాగితం మీద ఉన్నది నలుగురే. టీచరు రిటైరయ్యాక ఆ పోస్టు భర్తీ కాలేదని సంఘాలు బాధపడుతుంటాయి. ఆ బాధ న్యాయమైనదే. ఆ పోస్టు నిలబడడానికి కావలసిన అంకె మాత్రం జూన్ నెలలో మన చేతులతోనే రాసి ఉండాలి.

తల్లిదండ్రులు చేయాల్సినవి కొన్నే. అడ్మిషన్ ఫారంలో మాతృభాష గడిని ఖాళీగా వదలకండి, ఇతరుల చేత నింపించకండి. రాయడం రాకపోతే మీరు చెప్పి, రాసినది మీకు చదివి వినిపించమని అడగండి. ఇప్పటికే చేరిన పిల్లలైతే రిజిస్టరులో ఏమని ఉందో ఒకసారి చూపించమనండి. తప్పుగా ఉంటే కాగితం మీద అర్జీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. పెద్ద పరీక్షల దరఖాస్తుల వరకు ఆగకండి, కింది తరగతుల్లోనే సరిచేయించుకోండి. అన్నదమ్ముల పిల్లల ఫారాల్లో వేర్వేరు భాషలు పడకుండా చూసుకోండి.

ఉపాధ్యాయులకు ఒక్కటే మనవి. తల్లిదండ్రులు 'మీరే రాసేయండి' అన్నప్పుడు కలం అందుకోవద్దు. 'ఇది మీరు చెప్పాల్సిందమ్మా, చట్టం మీకే ఇచ్చింది' అని చెప్పి రెండు నిమిషాలు ఆగండి. వారు చెప్పిందే రాయండి, అది తెలుగు కాకపోయినా సరే. తెలుగువారనుకుని మనమే తెలుగు అని రాసేస్తే, వేరేవారు రాష్ట్రభాష రాసేయడానికీ దీనికీ తేడా ఉండదు. రెండు చోట్లా నిర్ణేతను పక్కకు నెట్టినట్టే.

తరగతిలో చేయించడానికి

చివరగా ఈ వారం పాఠానికి కొన్ని అభ్యాసాలు. మొదటిది, న్యాయనిర్ణేత, న్యాయమూర్తి, మధ్యవర్తి, సలహాదారు, తీర్పరి, ఈ ఐదు మాటలతో ఐదు సొంత వాక్యాలు. రెండోది, నిర్ణయం, నిర్ధారణ, తీర్మానం, తీర్పు, ఈ నాలుగింటి తేడా చెప్పే చిన్న పేరా. మూడోది, 'సెలవు ప్రకటించబడింది', 'ఫీజు పెంచడం జరిగింది', 'వ్యాయామం పీరియడ్ రద్దు చేయబడింది' అనే వాక్యాలకు కర్తను చేర్చి తిరగరాయడం. నాలుగోది ఇంటి పని. మన ఇంట్లో ఏ నిర్ణయం ఎవరు చేస్తారో, ఎవరు సలహా ఇస్తారో అమ్మానాన్నలతో మాట్లాడి పది వాక్యాలు రాయడం. ఆ పదింటిలో ఒకటి 'నా మాతృభాష ఏదని ఫారంలో ఎవరు రాశారు?' అన్న ప్రశ్నకు జవాబుగా ఉండాలి.

నాలుగో అభ్యాసం నోటుపుస్తకాలు దిద్దేటప్పుడు, ఆ జవాబును రిజిస్టరుతో ఒకసారి సరిపోల్చి చూడండి.